పిల్లలకు కుక్కల భాష: భద్రత, దయ కలిసిన పాఠం

వీధికుక్కల కేసులో సుప్రీంకోర్టు 2025 నవంబర్ 7న ఇచ్చిన ఉత్తర్వులో ఒక్క అంశం గురించే దేశమంతా చర్చ జరిగింది. విద్యాసంస్థలు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్లకు కంచెలు వేసి, అక్కడి కుక్కలను తరలించాలని, వాటిని తిరిగి అదే చోట వదలరాదని న్యాయస్థానం ఆదేశించింది. అంతగా ప్రచారానికి నోచుకోని మరో ఆదేశం కూడా అందులో ఉంది. జంతువుల సమీపంలో ఎలా మెలగాలో, కాటు పడితే ప్రథమ చికిత్స ఏమిటో, వెంటనే ఎవరికి చెప్పాలో విద్యార్థులకు, సిబ్బందికి అవగాహన కల్పించాలన్నది దాని సారాంశం.

కంచెలు వేయడం, కుక్కలను తరలించడం ప్రభుత్వ యంత్రాంగం చేయవలసిన పనులు. అవగాహన మాత్రం ఇంట్లోనూ బడిలోనూ కలగాలి. ఆ పాఠంలో ఏముండాలి, ఏ వయసులో ఎంతవరకు నేర్పవచ్చు, పెద్దల బాధ్యత ఎక్కడ మొదలవుతుంది అన్నవి తెలుగు కుటుంబాలు తెలుసుకోవలసిన విషయాలు.

పిల్లలకే ఎందుకు ముప్పు ఎక్కువ

2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలో సుమారు 1.53 కోట్ల వీధికుక్కలు ఉన్నాయి. 2024లో 37 లక్షలకు పైగా కుక్కకాటు కేసులు నమోదైనట్లు కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం రేబిస్ అనుమానమున్న జంతువుల కాటుకు గురయ్యేవారిలో 40 శాతం మంది 15 ఏళ్లలోపు పిల్లలే. మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం వరకు కుక్కల ద్వారానే వస్తుంది.

పిల్లలు పొట్టిగా ఉంటారు. కుక్క నోటికి వారి ముఖం, మెడ, తల దగ్గరగా ఉంటాయి. కాటు మెదడుకు ఎంత దగ్గరగా పడితే రేబిస్ వైరస్ అంత త్వరగా మెదడును చేరే ప్రమాదం ఉంది. పైగా పిల్లల కదలికలు వేగంగా ఉంటాయి, గొంతు హెచ్చుగా ఉంటుంది, పరుగు వారికి సహజం. ఈ మూడూ కుక్కను కలవరపెట్టేవో, వెంటపడేలా పురిగొల్పేవో.

హైదరాబాద్‌లోని అంబర్‌పేటలో 2023 ఫిబ్రవరి 19న, తండ్రి పనిచేస్తున్న చోట నాలుగేళ్ల బాలుడిపై వీధికుక్కల గుంపు దాడి చేసింది. బాలుడు ప్రాణాలు కోల్పోయాడు. సీసీ కెమెరాలో నమోదైన ఆ దృశ్యాలు రాష్ట్రాన్ని కలచివేశాయి. తెలంగాణ హైకోర్టు ఆ ఘటనను తనంత తానుగా విచారణకు స్వీకరించింది. నాలుగేళ్ల బిడ్డకు ఎంత చక్కగా పాఠం చెప్పినా, గుంపుగా మీదపడే కుక్కల నుంచి తనను తాను కాపాడుకోగలడని ఆశించలేము. పిల్లలకు నేర్పడం అవసరమే. పెద్దల కావలికి, పురపాలక సంఘాల బాధ్యతకు అది ప్రత్యామ్నాయం కాజాలదు.

సామెతలు చెప్పే తప్పుడు పాఠాలు

తెలుగు పిల్లలు కుక్కల గురించి మొదట వినేది సామెతల్లోనే. 'మొరిగే కుక్క కరవదు' అన్నది అందరికీ తెలిసినదే. గొప్పలు చెప్పేవారి గురించి పుట్టిన ఆ మాటను కుక్కలకే అన్వయించుకుంటే ప్రమాదం. మొరిగే కుక్క కరవవచ్చు, మొరగని కుక్కా కరవవచ్చు. అరుపు చాలాసార్లు 'దగ్గరకు రావద్దు' అన్న హెచ్చరిక. దాన్ని లెక్కచేయకుండా ముందుకు వెళ్తే తర్వాతి మెట్టు కాటే కావచ్చు.

'కుక్క కాటుకు చెప్పు దెబ్బ' అన్నది మరొకటి. దెబ్బ తిన్న కుక్క భయపడుతుంది. భయపడిన కుక్క మనిషి చేయి లేచినప్పుడల్లా ముందే ఎదురుతిరగడం నేర్చుకుంటుంది. ఒక పిల్లవాడు విసిరిన రాయికి ఫలితాన్ని మరునాడు అదే వీధిలో నడిచే మరో పిల్లవాడు అనుభవించవలసి రావచ్చు.

తోక ఊపితే స్నేహమేనన్న నమ్మకం కూడా అలాంటిదే. తోక ఊపడం కుక్కలోని ఉద్రేకానికి గుర్తు. ఆ ఉద్రేకం సంతోషం వల్ల కావచ్చు, కలవరం వల్ల కావచ్చు. ఒళ్లంతా వదులుగా ఉండి, నడుముతో సహా ఊగుతూ తోక ఊపే కుక్క సాధారణంగా స్నేహంగా ఉంటుంది. శరీరం బిగబట్టి, తోక నిటారుగా ఎత్తి చిన్నగా వేగంగా ఆడించే కుక్కకు దూరంగా ఉండడమే మేలు.

కుక్క ఏమి చెబుతోంది

కుక్క నోటితో కంటే ఒంటితో ఎక్కువ మాట్లాడుతుంది. అసౌకర్యంగా ఉన్నప్పుడు మొదట ముఖం పక్కకు తిప్పుకుంటుంది, మూతి నాక్కుంటుంది, నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది, కనుగుడ్డు చివర తెల్లదనం కనిపించేలా ఓరగా చూస్తుంది. భయం పెరిగితే చెవులు వెనక్కి వాలుస్తుంది, తోకను కాళ్ల మధ్య ముడుచుకుంటుంది, ఒదిగిపోతుంది. అప్పటికీ ఎదుటివారు వెనక్కి తగ్గకపోతే బిగుసుకుపోయి రెప్పవేయకుండా చూస్తుంది, వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి, గుర్రుమంటూ పళ్లు బయటపెడుతుంది. ఈ వరుస ఒక్కోసారి క్షణాల్లో ముగుస్తుంది. కొన్ని మెట్లు కనిపించకనే పోవచ్చు. అయినా తొలి సంకేతం దగ్గరే ఆగిపోవడం తెలిసిన పిల్లలు అపాయానికి చాలా దూరంలో ఉంటారు.

తెలుగులో 'పళ్లు ఇకిలించడం' అన్న మాట మనుషుల నవ్వుకూ వాడతాము, జంతువుల బెదిరింపుకూ వాడతాము. చిన్నపిల్లలు నిజంగానే ఈ రెండింటి మధ్య తేడా గుర్తించలేరు. బ్రిటన్‌లోని లింకన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పిల్లలకు కుక్కల ముఖాలు చూపి అడిగినప్పుడు, నాలుగేళ్ల పిల్లల్లో చాలామంది కోపంగా పళ్లు బయటపెట్టిన కుక్కను నవ్వుతున్నదిగా భావించారు. వయసు పెరిగేకొద్దీ ఆ పొరపాటు తగ్గింది. అందుకే ఆరేడేళ్లలోపు పిల్లలను కుక్కతో ఒంటరిగా వదలకూడదని నిపుణులు చెబుతారు. ఎంత నమ్మకమైన పెంపుడు కుక్క విషయంలోనైనా ఈ నియమం వర్తిస్తుంది. కాట్లు వీధిలోనే పడతాయన్నది అపోహ. తెలిసిన కుక్కల వల్ల ఇళ్లలోనూ పిల్లలు గాయపడుతున్నారు.

దగ్గరకు పోకూడని వేళలు

పిల్లలకు మొదట నేర్పవలసినది కుక్కను ఎప్పుడు కదపకూడదో. తింటున్న కుక్క, నిద్రపోతున్న కుక్క, పిల్లలకు పాలిస్తున్న తల్లి కుక్క, గొలుసుతో కట్టేసిన కుక్క, గేటు వెనక లేదా వాహనంలో ఉన్న కుక్క, గాయపడిన లేదా జబ్బుపడిన కుక్క, తమలో తాము పోట్లాడుకుంటున్న కుక్కలు. వీటిలో దేని దగ్గరకూ వెళ్లకూడదు. ఈనిన కుక్క దగ్గర కూనలు ఎంత ముద్దుగా ఉన్నా ఎత్తుకోకూడదు. మనిషి ఎంత మంచివాడైనా తల్లికి ఆ సంగతి తెలియదు.

ఈ నియమాలకు కారణం చెబితే పిల్లలు త్వరగా గ్రహిస్తారు. అన్నం తింటుంటే ఎవరైనా కంచం లాక్కుంటే ఎలా ఉంటుంది, గాఢనిద్రలో ఉండగా ఎవరైనా మీద పడితే ఎలా ఉంటుంది అని అడిగితే చాలు. భద్రత కోసం చెప్పిన మాట అక్కడే దయగా మారుతుంది. కుక్కకు ఇష్టంలేని పని చేయకపోవడం దానికి మేలు, అదే పిల్లవాడికి రక్ష.

పలకరించే పద్ధతి

బంధువుల ఇంట్లోనో పొరుగింట్లోనో పెంపుడు కుక్క ఉన్నప్పుడు మూడు మెట్లు పాటించాలి. మొదట తమతో ఉన్న పెద్దవారిని అడగాలి. తర్వాత కుక్క యజమానిని అడగాలి. ఆఖరున కుక్కను అడగాలి. కుక్కను అడగడమంటే కాస్త దూరంలో పక్కకు తిరిగి నిలబడి, అది తానై వస్తుందేమో చూడడం. వచ్చి వాసన చూసి, ఒళ్లు వదులుగా ఉంచితే మెడ పక్కనో ఛాతీ మీదనో నెమ్మదిగా నిమరవచ్చు. రెండు మూడు సార్లు నిమిరి చేయి తీసేయాలి. కుక్క ఇంకా దగ్గరకు జరిగితే దానికి ఇష్టమని అర్థం. పక్కకు తప్పుకుంటే ఆ ఆట అంతటితో ముగిసినట్లే.

తల మీదుగా చేయి చాపడం, మెడ చుట్టూ చేతులు వేసి కౌగిలించుకోవడం, మూతి దగ్గర ముఖం పెట్టడం, తోక లేదా చెవులు లాగడం, గుర్రంలా ఎక్కి కూర్చోవడం మానాలి. మనుషులకు ప్రేమగా తోచే కౌగిలి చాలా కుక్కలకు కదలనివ్వని బంధనంగా తోస్తుంది. గుర్రుమన్న కుక్కను కొట్టి ఆ అలవాటు మాన్పించాలని కొందరు యజమానులు చూస్తారు. అలా చేస్తే భయం పోదు, హెచ్చరిక మాత్రమే పోతుంది. ఆ తర్వాత అది చడీచప్పుడు లేకుండా కరవవచ్చు.

కుక్క ఎదురొస్తే

తెలుగు పిల్లలకు 'స్టాచ్యూ' ఆట బాగా తెలుసు. ఎవరైనా ఆ మాట అనగానే ఉన్నవారు ఉన్నట్లే బొమ్మలా నిలిచిపోవాలి. తెలియని కుక్క వేగంగా వస్తున్నప్పుడు చేయవలసినది కూడా దాదాపు ఇదే. పరుగెత్తకూడదు, అరవకూడదు. చేతులు ముడిచి ఒంటికి దగ్గరగా పెట్టుకుని, కుక్క కళ్లలోకి చూడకుండా తన పాదాల వైపు చూస్తూ నిశ్చలంగా నిలబడాలి. మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటే భయం అదుపులో ఉంటుంది. ఆసక్తి పోయి కుక్క దూరంగా వెళ్లాక, వీపు చూపకుండా మెల్లగా వెనక్కి అడుగులు వేయాలి. ఎంత వేగంగా పరుగెత్తినా పిల్లవాడు కుక్కను మించలేడు. పరుగు దాని వేట స్వభావాన్ని మేల్కొలుపుతుంది.

సైకిల్ మీద ఉంటే వేగం పెంచకుండా ఆగి, దిగి, సైకిల్‌ను తనకూ కుక్కకూ మధ్య ఉంచుకోవాలి. బడిసంచి ఉంటే దాన్ని ముందుకు అడ్డుగా పట్టుకోవాలి. కింద పడిపోతే తాబేలులా ముడుచుకోవాలి. మోకాళ్లు కడుపులోకి లాక్కుని, ముఖం నేలవైపు దాచి, వేళ్లు అల్లిన చేతులతో మెడను, ముంజేతులతో చెవులను కప్పుకోవాలి. కుక్కలు గుంపుగా ఉన్న దారిని ముందే తప్పించుకోవడం, తెల్లవారుజామున, రాత్రివేళ పిల్లలను ఒంటరిగా పంపకపోవడం అన్నిటికంటే క్షేమం.

ఈ కదలికలను మాటల్లో చెబితే చాలదు. పెద్దవారు కుక్కలా నటిస్తూ, పిల్లలచేత ఆటగా పదేపదే చేయించాలి. భయం వేళ గుర్తొచ్చేది శరీరానికి అలవాటైన పనే.

బడి పాఠం ఫలిస్తుందా

ఆస్ట్రేలియాలోని సిడ్నీలో ఎనిమిది ప్రాథమిక పాఠశాలల్లో ఏడెనిమిదేళ్ల పిల్లలపై జరిగిన ఒక అధ్యయనం 2000లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. కొన్ని బడుల పిల్లలకు కుక్కల దగ్గర మెలగవలసిన తీరుపై అరగంట పాఠం చెప్పారు. వారం పది రోజుల తర్వాత ఆట స్థలంలో ఒక సాధువైన కుక్కను కట్టి ఉంచి, పిల్లలు ఏమి చేస్తారో గమనించారు. పాఠం విననివారిలో 79 శాతం మంది వెళ్లి కుక్కను నిమిరారు. విన్నవారిలో ఆ పని చేసింది 9 శాతమే.

ఆ అధ్యయనం చూసినది పిల్లల నడవడిక మార్పునే. కాట్లు ఎన్ని తగ్గాయో అది లెక్కించలేదు. కుక్కలు గుంపులుగా తిరిగే మన వీధులు సిడ్నీ బడి ఆవరణ వంటివీ కావు. అయినా ఒక్క అరగంట పాఠం పిల్లల తీరును ఇంతగా మార్చగలదన్నది మన ఉపాధ్యాయులు గమనించదగిన విషయం. ఏడాదికి ఒకసారి చెప్పి వదిలేయకుండా అప్పుడప్పుడు గుర్తుచేస్తే ఆ ఫలితం నిలుస్తుంది.

చిన్న గీరు, పెద్ద ప్రమాదం

రేబిస్ లక్షణాలు మొదలయ్యాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. లక్షణాలకు ముందే సరైన చికిత్స అందితే మరణాన్ని దాదాపు పూర్తిగా నివారించవచ్చు. లక్షణాలు సాధారణంగా రెండు మూడు నెలల్లో బయటపడతాయి. ఒక వారానికే రావచ్చు, ఏడాది పట్టవచ్చు. అందువల్ల అన్ని జాగ్రత్తల్లోకీ విలువైనది పిల్లవాడు వచ్చి 'కుక్క గీరింది' అని చెప్పడం.

చాలామంది పిల్లలు ఆ మాట చెప్పరు. వీధిలోకి ఎందుకు వెళ్లావని తిడతారని ఒక భయం. 'బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు' అన్న బెదిరింపు మరో భయం. ఆ పాత పద్ధతి ఇప్పుడు లేదు. నాడీ కణజాలంతో చేసిన ఆనాటి టీకా ఉత్పత్తి భారతదేశంలో ఇరవై ఏళ్ల కిందటే నిలిచిపోయింది. నేటి టీకా భుజానికి, పసిపిల్లలకైతే తొడకు వేస్తారు. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, ఆ తర్వాత 3, 7, 28వ రోజుల్లో ఇస్తారు. కండలోకి ఇచ్చే పద్ధతిలో 14వ రోజు మరో మోతాదు ఉంటుంది. పిల్లలను అల్లరి మాన్పించడానికి సూది పేరు చెప్పి బెదిరించే ఇళ్లలో, అసలు అవసరం వచ్చినప్పుడు గాయాన్ని దాచిపెట్టే అలవాటు పెరుగుతుంది.

కాటు లేదా గీరు పడిన వెంటనే గాయాన్ని ధారగా పారే నీటితో, సబ్బుతో 15 నిమిషాలపాటు కడగాలి. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి, ఆకుపసర్లు పూయకూడదు. కట్టు బిగించకూడదు. వెంటనే దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

వైద్యులు గాయాలను మూడు తరగతులుగా చూస్తారు. గాయంలేని చర్మాన్ని కుక్క నాకితే కడుక్కోవడం చాలు. రక్తం రాని చిన్న గీరుకైనా టీకా కావాలి. చర్మం చీలిన కాటు, గాయం మీద లేదా నోటిలో, కంటిలో పడిన లాలాజలం మూడో తరగతి. అప్పుడు టీకాతో పాటు రేబిస్ ఇమ్యునోగ్లోబులిన్‌ను గాయంలోనూ దాని చుట్టూ ఇవ్వాలి. టీకా శక్తి ఒంట్లో ఏర్పడేలోపు కాపాడేది అదే. పెంపుడు కుక్క కదా అని, కుక్కపిల్ల కదా అని ఊరుకోకూడదు. ఏ గాయానికి ఏ చికిత్స అన్నది వైద్యుడే నిర్ణయించాలి.

రేబిస్ టీకా చరిత్ర కూడా ఒక పిల్లవాడితోనే మొదలైంది. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ పర్యవేక్షణలో తొలిసారి ఆ టీకా అందుకున్న జోసెఫ్ మైస్టర్ వయసు తొమ్మిదేళ్లు. పిచ్చికుక్క కరిచిన ఆ బాలుడు బతికాడు. పాశ్చర్ వర్ధంతి అయిన సెప్టెంబర్ 28ని ఏటా ప్రపంచ రేబిస్ దినంగా పాటిస్తారు.

ఊరు మారే పిల్లలు

జీవనోపాధి కోసం ఊళ్లు మారే కుటుంబాల్లో ఈ పాఠం మరింత అవసరం. గుజరాత్‌లోని సూరత్‌లో తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలి నేత కుటుంబాలు తరాలుగా స్థిరపడ్డాయి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు కూడా నడుపుతోంది. సూరత్ నుంచి హజీరా పారిశ్రామిక ప్రాంతానికి వెళ్లే దారిలోని ఇచ్ఛాపూర్ వంటి చోట్ల అయినా, హైదరాబాద్ శివారు కాలనీల్లో అయినా, పెద్దలిద్దరూ పనికి పోయే ఇళ్లలో పిల్లలు ఎక్కువసేపు బయటే గడుపుతారు. సెలవులకు సొంతూరు వెళ్తే అక్కడి కుక్కలకు వీరు కొత్త, వీరికి ఆ కుక్కలు కొత్త. కొత్త చోటికి చేరిన మొదటి రోజే ఏ దారిలో కుక్కలు ఉంటాయో, దగ్గరలో టీకా ఎక్కడ దొరుకుతుందో పెద్దలు తెలుసుకోవాలి.

టీకా మోతాదుల మధ్యలో ప్రయాణం పడితే చికిత్స ఆపకూడదు. ఆసుపత్రి ఇచ్చిన చీటీని వెంట తీసుకువెళ్తే, మిగిలిన మోతాదులను చేరిన ఊళ్లో వేయించుకోవచ్చు. గాయం మానిందని చివరి సూది మానేయడం ప్రాణంతో చెలగాటమే.

దయ కూడా పాఠ్యాంశమే

తెలుగువారికి కుక్క పురాణకాలం నుంచి తెలిసిన జీవి. మహాభారతం చివర ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానంటాడు. ఆదిపర్వం తొలి భాగంలోనే సరమ కథ ఉంది. ఏ తప్పూ చేయని తన కూనను జనమేజయుని తమ్ముళ్లు కొట్టినందుకు, దేవతల కుక్క అయిన సరమ రాజును నిలదీస్తుంది. నిరపరాధిని హింసించినవారికి అనుకోని ఆపద వస్తుందని హెచ్చరిస్తుంది. పిల్లలకు చెప్పదగిన కథలివి.

సాటి ప్రాణులపై కరుణ చూపడం రాజ్యాంగంలోని 51ఏ (జి) అధికరణ ప్రకారం ప్రతి పౌరుడి ప్రాథమిక కర్తవ్యం. జంతువులను కొట్టి హింసించడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం. తోకకు టపాకాయలు కట్టడం, రాళ్లు రువ్వడం ఆటలు కావని పిల్లలకు ఇంట్లోనే తెలియాలి. అలాగే దయ అంటే కనిపించిన ప్రతి కుక్కనూ ముట్టుకోవడం కాదనీ తెలియాలి. వేసవిలో గోడ పక్కన నీళ్లతొట్టి నింపి ఉంచడం, గాయపడిన కుక్కను చూస్తే తాకకుండా పెద్దలకు చెప్పడం వంటివి పిల్లలు క్షేమంగా చేయగల సాయాలు.

పెద్దల వంతు

2023 జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధికుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్స, రేబిస్ టీకా చేయించడం స్థానిక సంస్థల బాధ్యత. అలా చేసిన కుక్కలకు గుర్తుగా చెవి కొసను కొద్దిగా కత్తిరిస్తారు. కుక్కలకు ఆహారం పెట్టే స్థలాలు పిల్లలు ఆడుకునే చోట్లకు, మెట్లకు, ప్రవేశద్వారాలకు దూరంగా ఉండాలని అవే నియమాలు చెబుతున్నాయి. అన్నం పెట్టేవారు ఈ నియమం పాటిస్తే వారి దయ వల్ల పిల్లలకు ముప్పు రాదు. మాంసం దుకాణాల వ్యర్థాలు, హోటళ్ల ఎంగిలి రోడ్డు పక్కన పేరుకుంటే కుక్కలు గుంపుకట్టడం ఖాయం.

గోవాలో 2014 నుంచి కుక్కలకు పెద్దఎత్తున టీకాలు వేయడం, బడుల్లో పిల్లలకు పాఠాలు చెప్పడం, వ్యాధిపై నిఘా పెట్టడం కలిపి సాగాయి. 2021లో ఆ రాష్ట్రాన్ని రేబిస్ నియంత్రిత ప్రాంతంగా ప్రకటించారు. కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను 2030 నాటికి నిర్మూలించాలన్నది దేశం పెట్టుకున్న లక్ష్యం.

ఆ లక్ష్యంలో బడికి, ఇంటికి దక్కిన వాటా చిన్నదే అయినా అది ఈరోజే మొదలుపెట్టగలిగినది. కుక్కను కదపకుండా ఉండడం, ఎదురొస్తే కదలకుండా నిలబడడం, గీరుపడితే దాచకుండా చెప్పడం పిల్లలు నేర్వవలసినవి. ఆ మాట చెప్పిన బిడ్డను తిట్టకుండా ముందు సబ్బు, నీళ్లు అందుకోవడం పెద్దలు నేర్వవలసినది.